బోసి చెయ్యి

ముప్పై ఒక్క ఏళ్లు
ఉస్కుదార్ రేవులో కిటికీ వెనక కూర్చుని
ఫెర్రీ టోకెన్లు అమ్మాను,
"తర్వాత!" అని అరుస్తూ.
ఇప్పుడు, అరవై ఐదు దాటాక,
అదే రేవు గేటు నాకు ఊరికే తెరుచుకుంటుంది
పాత బాకీ ఏదో తీరుస్తున్నట్టు.

కార్డు ఆనిస్తే ఒక కూత.
నా వెనక ముజెయ్యెన్, ఇంకో కూత.
ప్రతి గురువారం మేమిద్దరం,
సంచిలో ఉడికించిన గుడ్లు, ఉప్పు పొట్లం,
నీటికాకులకి నిన్నటి రొట్టె.

కట్టని చార్జీ కట్టినట్టే లెక్క మాకు.
ఇంటికి రాగానే ఆ లీరాలు
ఆలివ్ డబ్బాలో పడాల్సిందే.
ఎంత తోమినా పోదు ఆ ఊట వాసన,
మా నోటు అందుకున్న కూరగాయలవాడు
ముక్కు ఎగబీలుస్తాడు.
డబ్బా నిండితే అమాస్యా వెళ్లాలి, రాత్రి బస్సులో,
ఆపిల్ తోటలు పూసి ఉండే ఆ పది రోజుల్లో.
నిరుడు వానకి పూత రాలిపోయిందట.
అంతకు ముందేడు డబ్బా నిండలేదు.

ఏప్రిల్ చివర.
జలసంధికి రెండు గట్లమీదా ఎర్గువాన్లు.
ఆగడం తెలీని చెట్టు అది:
ఆకు రాకముందే పువ్వు,
కొమ్మ చివరిదాకా నడిచే ఓపిక లేక
ముసలి బెరడు చీల్చుకునే పువ్వు.
పెరుగులో బీట్‌రూట్ కలిపినప్పుడు
మొదటి చుట్టు రంగు, అంటుంది ముజెయ్యెన్.
నేను ఒప్పుకోను.
అంతకంటే మంచి మాట కూడా నాకు దొరకలేదు.

కన్లిజాలో దిగి పెరుగు కప్పులు కొనుక్కున్నాం,
పైన పొడి చక్కెర,
గాలికి సగం పక్కాయన కోటుమీద.
అప్పుడు మోగింది నా ఫోను.
"నెజీహె హనుమ్, పెద్దలకు మాత్రమే!
అమాస్యా పూల యాత్ర, డెబ్బై శాతం తగ్గింపు.
ఇంకా ఇరవై నిమిషాలే."

అమాస్యా అని దానికెలా తెలుసు?
మొన్న రాత్రి వెతికింది నేనే కదా,
బస్సు వేళలు, వాన కబురు, పూల బొమ్మలు.
పేరు పెట్టి ఎంత మర్యాదగా పిలిచింది,
మా అల్లుడు కూడా అలా పిలవడు.
నొక్కాను.
కార్డు వెనక మూడంకెలు అడిగింది.
కళ్లద్దాలు పైకి తోసి చదవబోతున్నాను.

ముజెయ్యెన్ ఏమీ అనలేదు.
స్వెటరు మోచేతిదాకా లాగి
నా ఫోనుమీద అడ్డంగా పెట్టింది ముంజేతిని.
బోసి చెయ్యి.
గాజులు ఒరిసిన చోట చర్మం ఇంకా నున్నగా.

రెండేళ్ల కిందట ఒక గొంతు,
ప్రాసిక్యూటర్‌నని.
మీ పేరుమీద దొంగ ఖాతాలున్నాయమ్మా,
ఫోను పెట్టెయ్యకండి, ఎవరికీ చెప్పకండి,
బంగారం మూటకట్టి మెట్లకింద పెట్టండి,
ప్రభుత్వం కాపాడుతుంది.
ఐదు గంటలు ఆ గొంతు చెవి దిగలేదు.
పెళ్లినాటి గాజులు నాలుగు,
కీళ్లు లావెక్కి రాలేదు,
సబ్బు రాసి తీసింది.
పోయిన బంగారం కంటే
ఆ సబ్బు నురగ తలచుకుంటేనే
ఏడుపొస్తుందట.

చేతికింద ఫోను రెండుసార్లు గింజుకుంది.
మేం పెరుగు తిన్నాం.
ఇరవై నిమిషాలు గడిచిపోయాయి,
ఎదుటి గట్టున పూలు
ఎక్కడివక్కడే ఉన్నాయి.

మర్నాడు డబ్బా చంకన పెట్టుకుని
బస్సు కంపెనీ కిటికీ ముందు నిలబడ్డాం.
లోపల కుర్రాడు, మెడలో ఇయర్‌ఫోన్లు.
"పెద్దలకి తగ్గింపుందా బాబూ?"
"ఉంది పిన్నీ. కాస్తే."
ఆ "కాస్తే" నా చెవికి ఎంత హాయిగా ఉందో!

డబ్బా గుమ్మరించాను.
వాసనకి తల తిప్పుకుని నవ్వాడు,
లెక్క మాత్రం రెండుసార్లు పెట్టాడు.
ఎనిమిది లీరాలు తక్కువ.
ముజెయ్యెన్ కోటు చిరుగులోంచి
అస్తరులోకి జారిన చిల్లర తోడింది.

రెండు టికెట్లు. పక్కపక్క సీట్లు.
కిటికీ వదులుతూ, అలవాటు చొప్పున,
"తర్వాత!" అని అరిచాను.
వెనక్కి తిరిగి చూస్తే
ఎవరూ లేరు.